విరిగిన వీరుడికి వైద్యం

బల్లమీద యుద్ధాలాడే బుల్లి సైనికులు యుద్ధంలో విరగరు. సూట్‌కేసులో విరుగుతారు, బీరువాలో విరుగుతారు, దుమ్ము దులిపేవాళ్ల చేతిలో విరుగుతారు. వాళ్లను మళ్లీ నిలబెట్టడం ఓ విద్య. జిగురు ట్యూబు మూత వెంటనే తీయకపోవడం ఆ విద్యలో మొదటి పాఠం.

మా మేనల్లుడు నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ ముగించుకుని పోయిన వేసవిలో సెలవులకు ఇంటికొచ్చాడు. ఇంగ్లండు నుంచి వచ్చే పిల్లలు చాక్లెట్లు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. వీడు సైన్యాన్ని తెచ్చాడు. నెపోలియన్ కాలం నాటి ఫ్రెంచి దళం, 40 మంది. పాదం నుంచి కంటిదాకా కొలిస్తే ఒక్కొక్కడు 28 మిల్లీమీటర్లు, దాదాపు మన బొటనవేలి పైకణుపంత. కోటు గుండీలకు విడివిడిగా రంగు, మీసాలకు రంగు, బూట్లకంటిన బురదకూ రంగే. రెండేళ్ల శనివారాలన్నీ వీటికే ధారపోశాడని మా అక్క ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

ఒక్కొక్కణ్నీ ఒక్కో సాక్సులో చుట్టి సూట్‌కేసులో సర్దాడు. ఆ పెట్టె దారిలో ఎన్ని చేతులు మారిందో, ఎవరెలా విసిరారో తెలీదు. మా హాల్లో చాపమీద సాక్సులు దులుపుతుంటే మొదట ఓ చెయ్యి రాలింది. తర్వాత తుపాకీ. ఆ తర్వాత ఓ గుర్రం, దాని వెనకాలే దాని కాలు. లెక్క చూస్తే 9 తుపాకులు, 4 చేతులు, 2 గుర్రపు కాళ్లు, ఓ జెండా కర్ర. వాడు ఏమీ అనలేదు. దొరికిన ముక్కలన్నీ ఏరి ఓ ప్లేటులో వేసి, ప్రయాణ బడలికతో వెళ్లి పడుకున్నాడు.

నాకు మనసాగలేదు. వాడు లేచేసరికి దళమంతా బాగైపోయి ఉంటే ఎంత మురిసిపోతాడో అనుకుని, వీధి చివరి కొట్టుకెళ్లి 4 ఫెవిక్విక్ ట్యూబులు తెచ్చాను. గంటన్నరలో 11 అతుకులు వేశాను. ఒక చెయ్యి తలకిందులుగా అతుక్కుంది. నా చూపుడువేలి చర్మం కొంత గుర్రం పొట్టకే ఉండిపోయింది. అది కాదు అసలు ఘోరం. ఆరేదాకా ఎవరూ కదపకుండా ఉంటారని అందరినీ మిఠాయి డబ్బాలో పెట్టి మూత బిగించాను. సాయంత్రం తీస్తే సైనికుల మొహాలన్నీ విభూతి పూసుకున్నట్టు తెల్లగా ఉన్నాయి.

"మామయ్యా, సూట్‌కేసులో వీళ్లకు దెబ్బలే తగిలాయి. చంపింది నువ్వు" అన్నాడు వాడు. కోపంగా కూడా కాదు, డాక్టరు రిపోర్టు చదివినట్టు.

ఆ పాపం కడుక్కోడానికి వాడి సెలవులున్నన్ని రోజులూ రోజూ సాయంత్రం పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను. నాకు అర్థమైనంతలో ఈ బొమ్మలకు మొదటి దెబ్బకంటే రెండో దెబ్బే ప్రమాదం. ఆ రెండోది కొట్టేది శత్రువు కాదు, బాగుచేద్దామని కూర్చున్నవాడే.

మెడలో అగ్గిపుల్ల

బల్లమీద సైన్యాలు నడిపే ఆట మొదట్లో పిల్లలది కానే కాదు. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ తన తండ్రి తయారుచేసిన ఆటను మెరుగుపరిచి 1824లో అధికారుల శిక్షణకు ఇచ్చాడు. దాని పేరు క్రీగ్‌ష్పీల్. అందులో మనుషుల బొమ్మల్లేవు, పటం మీద జరిపే చిన్న దిమ్మలే. కాబట్టి విరగడానికీ ఏమీ లేదు. బొమ్మ సైనికులతో సరదాగా ఆడుకునే ఆటకు నియమాలు రాసి ప్రచారంలోకి తెచ్చినవాడు 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్' నవలాకారుడు హెచ్.జి. వెల్స్. 1913లో వచ్చిన ఆయన 'లిటిల్ వార్స్'లో ఫిరంగి నిజంగానే పేలుతుంది. స్ప్రింగు నొక్కితే అంగుళం పొడవున్న చెక్కముక్క దూసుకెళ్తుంది. అది తగిలి పడినవాడు పోయినట్టే. బొమ్మకు దెబ్బ తగలడమే అక్కడ ఆట.

ఆ దెబ్బలు తిన్నది సీసపు సైనికులు. లండన్‌లోని బ్రిటన్స్ కంపెనీలో విలియం బ్రిటన్ జూనియర్ 1893లో ఓ కిటుకు కనిపెట్టాడు. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అంచు పొర గట్టిపడగానే లోపల మిగిలినదాన్ని వెనక్కి ఒంపేయడం. బొమ్మ గుల్లగా వస్తుంది. లోహం తక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ. మెడ మాత్రం అల్లరి పిల్లల చేతికి ఆగేంత దళసరిగా ఉండేది కాదు. తల ఊడిపోయేది. దానికి ఇంగ్లండు ఇళ్లలో ఓ గృహవైద్యం పుట్టింది: మొండెంలోకి సగం అగ్గిపుల్ల దింపి, పైకొచ్చిన సగానికి తల తొడిగేయడం. గుల్లతనం వల్ల వచ్చిన జబ్బుకు ఆ గుల్లలోనే మందు దొరికింది.

మావాడి సూట్‌కేసులో అలాంటివాడొకడున్నాడు. ఫ్రెంచి దళానికి ఏ సంబంధమూ లేని ఎర్రకోటు బ్రిటిషువాడు, 54 మిల్లీమీటర్ల మనిషి, మిగతావాళ్ల పక్కన భీముడిలా ఉంటాడు. పాత సామాన్ల సంతలో ఏదో ముచ్చటపడి కొన్నాడట. ప్రయాణంలో వాడి తలా ఊడింది. చేతిలోకి తీసుకుంటే మెడలోంచి నల్లబడ్డ అగ్గిపుల్ల ఒకటి బయటికి తొంగిచూసింది. ఎప్పుడో ఎవరో పిల్లాడో, వాడి నాన్నో చేసిన ఆపరేషన్ అది. వేలంపాటల్లో ఇలా తల తిరిగి పెట్టించుకున్నవాడి ధర పడిపోతుంది. మా చాపమీద మాత్రం ఆ సాయంత్రం అందరం వాడి చుట్టూనే చేరాం.

మొండి సైనికుడంటే చాలామందికి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1838లో రాసిన ఒంటికాలి తగరపు సిపాయి గుర్తొస్తాడు. నిజానికి వాడు విరిగినవాడు కాదు. పాత తగరపు చెంచాను కరిగించి 25 మందిని పోస్తే చివరివాడి వంతుకు లోహం చాలలేదు. అది పోతపోసినవాడి లెక్క తప్పు. సైనికుడి తప్పేముంది!

ముందు ఒళ్లు పట్టి చూడాలి

ఇప్పటి బొమ్మల సంగతికొస్తే, ఈ వ్యాపారానికి రాజధాని లాంటిది మావాడు చదివిన ఊరే. 1975లో లండన్‌లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో ఉంది. ఆ కంపెనీ వార్‌హామర్ ఆట 1983లోనూ, దాని అంతరిక్ష రూపం వార్‌హామర్ 40,000 1987లోనూ వచ్చాయి. పెర్రీ, వార్‌లార్డ్ లాంటి చారిత్రక బొమ్మల కంపెనీలూ ఆ ఊళ్లోనే. అందుకే ఆ ప్రాంతాన్ని వేళాకోళంగా 'లెడ్ బెల్ట్' అంటారు, సీసపు నేల అన్నమాట. 1990ల్లో గేమ్స్ వర్క్‌షాప్ సీసాన్ని వదిలి తగరం ఎక్కువున్న తెల్లలోహానికీ, తర్వాత ఎక్కువగా ప్లాస్టిక్‌కూ మళ్లింది. పేరు మాత్రం సీసం మీదే ఉండిపోయింది.

దీనివల్ల చేతిలో ఉన్న బొమ్మ మూడింట్లో ఏదైనా కావొచ్చు: లోహం, పాలిస్టైరీన్ ప్లాస్టిక్, రెసిన్. బరువు చూస్తే లోహం ఇట్టే తెలిసిపోతుంది. మిగతా రెంటికీ కాస్త అనుభవం కావాలి. ప్లాస్టిక్‌ను కోస్తే మెత్తగా చెక్కు లేస్తుంది, రెసిన్ పొడి రాలుతుంది. ఆ పొడి పీల్చకూడదు, రుద్దేటప్పుడు తడిచేసి రుద్దాలి. ఇది తేల్చుకోకుండా మందు వేయడం, కడుపునొప్పో పంటినొప్పో అడక్కుండా మాత్ర మింగించడం లాంటిది.

ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ సిమెంటు వాడతారు. పేరుకే సిమెంటు. అది అతికించదు, రెండు అంచులనూ కాస్త కరిగిస్తుంది, అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి. కుదిరిన అతుకు దాదాపు అసలు ముక్కంత గట్టి. అదే సిమెంటు లోహానికో రెసిన్‌కో వేస్తే నీళ్లు పోసినట్టే, కరగడానికి అక్కడ ఏమీ లేదు. వాటికి మన ఫెవిక్విక్ జాతి జిగురే దిక్కు. ఈ జాతి పుట్టుక కూడా యుద్ధంలోనే. 1942లో ఈస్ట్‌మన్ కోడాక్‌లో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురిచూసే సాధనానికి పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుంటే ఈ పదార్థం తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని పక్కన పడేశారు. 1958కి గానీ అది జిగురుగా బజారుకెక్కలేదు.

నేను చేసిన పాపాల చిట్టా మావాడు విప్పింది ఇక్కడే. ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది, ఆరడం వల్ల కాదు. అందుకే పల్చగా వేస్తేనే బలం. నేను పోసినట్టు పోస్తే మధ్యలో పచ్చిగానే ఉండిపోతుంది. దాని ఆవిరి బయటికి పోవాలి. మూత బిగిస్తే ఆ ఆవిరే మొహాలమీద తెల్లపొరగా దిగుతుంది, అదీ విభూతి సంగతి. ఇంకో మాట కూడా చెప్పాడు, ఇది అందరికీ పనికొస్తుంది: ఒలికిన ఫెవిక్విక్‌ను దూదితోనో నూలుగుడ్డతోనో తుడవకూడదు. నూలు తగిలితే అది చప్పున వేడెక్కి చర్మం కాలుతుంది.

తలకిందుల చేతికి మందు ఫ్రిజ్‌లో దొరికింది. పై అరలో, మంచు పెట్టే చోట, ఆ సైనికుణ్ని కొన్ని గంటలు ఉంచాడు. చలికి ఈ జిగురు పెళుసెక్కుతుంది. బయటికి తీసి మెల్లిగా మెలితిప్పితే టిక్కుమని ఊడొచ్చింది. ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన నెపోలియన్ సిపాయి ఎందుకున్నాడో మా అమ్మకు చెప్పడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టింది.

ఇత్తడి ఎముక

అసలు విద్య కడ్డీ వేయడం. దీన్ని చూశాక మిగతాదంతా చిన్నపనే అనిపించింది.

లోహపు బొమ్మ చెయ్యి బరువు. వట్టి జిగురుతో పెడితే నిలుస్తుంది, కానీ పక్కనుంచి ఓ వేలు తగిలితే చాలు, మళ్లీ ఊడుతుంది. ఈ జిగురు లాగితే ఆగుతుంది, తోస్తే ఆగదు. అందుకని ఎముక విరిగితే డాక్టర్లు రాడ్ వేసినట్టు లోపల తీగ వేస్తారు. కావలసిన సరంజామా: వేళ్లతో తిప్పే బుల్లి బర్మా, ఒక మిల్లీమీటరు లోపు ముల్లు, ఇత్తడి తీగ. తీగ లేకపోతే కాగితాలకు పెట్టే క్లిప్పును నిటారు చేసుకున్నా సరే.

కష్టమంతా రెండు చిల్లులూ ఎదురెదురుగా పడటంలో ఉంది. భుజానికి ఒకచోట, చేతికి ఒకచోట పడితే చెయ్యి వంకరపోతుంది. దానికి మావాడు చూపించిన ఉపాయం ఎంత తేలికంటే, నాకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది. భుజానికి చిల్లు వేసి, దాని నోటిదగ్గర చిటికెడు ఎర్రరంగు పెట్టి, చేతిని ఓసారి ఆనించి తీస్తాడు. చేతిమీద ఎర్రచుక్క పడుతుంది. రెండో చిల్లు అక్కడ. తర్వాత తీగను జిగురులో ముంచి ఓ వైపు దింపుతాడు. ఆగుతాడు. అది బిగిశాకే రెండోవైపు. నేను 11 అతుకులు వేసిన గంటన్నరలో వాడు 2 వేశాడు. ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి.

బల్లేలకూ సన్నటి తుపాకులకూ అయితే అతికే ప్రయత్నమే చేయరు. తెల్లలోహం ఓసారి వంగితే వెనక్కి వస్తుంది, మళ్లీ మళ్లీ వంచితే పుటుక్కుమంటుంది. పాత బల్లేన్ని పిడికిలి దాకా కోసేసి, పిడికిట్లో చిల్లు వేసి ఉక్కు తీగో పొడుగాటి గుండుసూదో దించేస్తారు. అది మళ్లీ విరగదు. కాకపోతే మనకే గుచ్చుకుంటుంది.

అతుకు చుట్టూ సందు మిగిలితే పుట్టీ. అక్కడివాళ్లు పసుపు, నీలం రెండు ముద్దలు కలిపితే పచ్చగా మారే 'గ్రీన్ స్టఫ్' వాడతారు. మన దగ్గర ఎమ్‌సీల్‌తో నడిపించేస్తారు, కాస్త గరుకు అంతే. తడిచేసిన పనిముట్టుతో నొక్కుతూ కోటు మడతలు కూడా దిద్దుతుంటే నాకు కొండపల్లి గుర్తొచ్చింది. అక్కడ పొనికి కర్రతో చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపిన మక్కుతో మొండేనికి అతుకుతారు. ముక్కూ మూతీ కూడా ఆ మక్కుతోనే దిద్దుకుంటారు. "మీ గ్రీన్ స్టఫ్ మా మక్కేరా" అన్నాను. మక్కు అనే మాట వాడికి నచ్చింది. ఇప్పుడు నాటింగ్‌హామ్ మిత్రులకు కూడా అదే మాట చెబుతున్నాడట.

డెటాల్ స్నానం

విభూతి మొహాలు మిగిలాయి. కొందరికి నూనె లాంటి వార్నిష్ పూస్తే తెల్లపొర మాయమైంది. ముగ్గురికి మాత్రం రంగంతా తీసేయాల్సి వచ్చింది.

బ్రిటన్‌లో దీనికి తరతరాల మందు డెటాల్, గోధుమరంగు డెటాలే. బొమ్మను ఒక రోజు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమితే రంగు తోలులా లేచొస్తుంది. చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఒక్క జాగ్రత్త మరిచిపోతే మాత్రం అంతా గంగపాలే: రంగు పూర్తిగా వదలకముందు నీళ్లు తగలకూడదు. తగిలితే కరిగిన రంగు జిగటముద్దై మడతల్లో కూరుకుపోతుంది. తోమడం డెటాల్‌లోనే, సబ్బునీళ్లు ఆఖర్న. ప్లాస్టిక్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా పనికొస్తుంది. రెసిన్‌ను ఎందులోనైనా ఎక్కువసేపు నానబెడితే మెత్తబడొచ్చు. గోళ్లరంగు తీసే అసిటోన్ లోహానికి మంచిదే, ప్లాస్టిక్ బొమ్మను అందులో వేస్తే రంగుతోపాటు సైనికుడు కూడా కరిగిపోతాడు.

వాడు ఆ ముగ్గురినీ తోముతుంటే చూడటం నావల్ల కాలేదు. ఒక్కొక్కడి మొహం దిద్దడానికి సాయంత్రమంతా పట్టిందని ముందే చెప్పి ఉన్నాడు.

తెల్ల తెగులు

ఇంతవరకూ చెప్పినవన్నీ కంటికి కనిపించే దెబ్బలు. పాత సీసపు బొమ్మలకు ఇంకో జబ్బుంది, అది నిశ్శబ్దంగా వస్తుంది. ముచ్చటపడి మంచి చెక్క బీరువా చేయించి అందులో పెడతారు. కొన్నేళ్లకు తలుపు తీస్తే రంగు పొంగి, కింద తెల్లటి పిండి రాలి ఉంటుంది. పిండి దులిపితే దానితోపాటే మీసం పోతుంది, వేళ్లు పోతాయి. ఇంగ్లిషువాళ్లు దీన్ని సీసం కుళ్లు అంటారు. నిజానికి కుళ్లూ కాదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటే రోగమూ కాదు. ఓక్ లాంటి కొన్ని చెక్కల నుంచి, ప్లైవుడ్ జాతి పలకల నుంచి, కొన్ని రకాల అట్టల నుంచి పులుపు ఆవిరి వస్తుంటుంది. వెనిగర్‌లో ఉండేది అదే ఆమ్లం. మూసిన బీరువాలో అది పేరుకుని, తేమతో, బొగ్గుపులుసు గాలితో కలిసి సీసాన్ని కొంచెం కొంచెంగా తెల్ల కార్బనేట్‌గా మార్చేస్తుంది. పూర్వం యూరప్‌లో తెల్లరంగు కోసం సీసపు రేకులను వెనిగర్ కుండల మీద పేర్చి కావాలని చేయించుకున్న పని ఇదే. బీరువా చేయించినవాడు తెలీకుండా ఓ రంగుల కార్ఖానా పెట్టుకుంటున్నాడు.

అమెరికా నౌకాదళం వారి ఓడల నమూనాలకు ఉన్న సీసపు లంగర్లూ ఫిరంగులూ ఇలాగే పిండైపోతుంటే అక్కడి సంరక్షకులు కారణం తవ్వి చూపించారు. ఇనుప, గాజు అర, కాస్త గాలి ఆడే సందు ఉంటే చాలా వరకు ఈ బాధ లేదు. మొదలైతే ఆపొచ్చు, పోయిన ముక్కు తిరిగి రాదు. ఆ పిండి విషం. ఊదకూడదు, చీపురు వేయకూడదు, తడిగుడ్డతో తీసి చేతులు కడుక్కోవాలి. పిల్లలకు అందనివ్వకూడదు.

బాగుచేయకపోవడం కూడా వైద్యమే

మా నాయనమ్మ బొమ్మల కొలువులో మట్టిబొమ్మ చెయ్యి విరిగితే మరుసటేడు దానికి మెట్టు ఉండేది కాదు. రావిచెట్టు మొదట్లో పెట్టి వచ్చేది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదన్న పట్టింపు బొమ్మలకూ పాకింది. అతుకుదాం అంటే ఒప్పుకునేది కాదు. ఈ బొమ్మల ఆటగాళ్ల పద్ధతి అందుకు పూర్తిగా తిరగేసి ఉంది. ఎవడూ ఏ ముక్కా పారేయడు. విరిగిన చెయ్యి, ఊడిన తల, మిగిలిపోయిన కత్తి అన్నీ ఓ డబ్బాలో పడతాయి. ఈ ఆట ఆడేవాళ్లలో ఆ డబ్బా లేని ఇల్లు ఉండదు. బాగుపడని సైనికుణ్ని పునాది మీద పడుకోబెట్టి రంగు వేస్తారు, దళం ఎన్ని నష్టాలు తిందో లెక్క చూపించే గుర్తు వాడే. నలిగిన ట్యాంకుకు నల్లటి మసి పూస్తే యుద్ధభూమిలో శిథిలం సిద్ధం. 1980ల్లో గేమ్స్ వర్క్‌షాప్ పత్రికే ఖాళీ డియోడరెంట్ డబ్బాతో గాల్లో తేలే ట్యాంకు చేయడం నేర్పింది. ఆ తరం ఆటగాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటూ తలచుకుంటారు.

మా చాపమీద గుర్రపు కాలు ఒకటి ఎంత వెతికినా దొరకలేదు. మావాడు ఆ మోకాలి దాకా బురద గుంట కట్టేశాడు. కాలు బురదలో కూరుకుపోయిందనుకుంటారు చూసినవాళ్లు. మోసమే గానీ, మంచి మోసం.

సెలవులు ముగిశాక ఈసారి సాక్సులు వద్దన్నాడు. ప్రతి సైనికుడి కింద సన్నటి అయస్కాంతపు పలక అతికించి రేకు డబ్బాలో నిలబెట్టాడు. మొదట మా వంటింటి స్టీలు డబ్బా ఇస్తే ఒక్కడూ నిలవలేదు. గిన్నెలకు వాడే స్టీలు చాలావాటికి అయస్కాంతం అంటదు. చివరికి పాత బిస్కెట్ల రేకు డబ్బా పనికొచ్చింది. 40 మందీ క్షేమంగా చేరారని ఫొటో పెట్టాడు.

ఎర్రకోటు భీముణ్ని మాత్రం నాకు వదిలి వెళ్లాడు. పాత పుల్ల విరిగిపోయింది కాబట్టి మా వంటింటి అగ్గిపెట్టెలోంచి కొత్తది తీసి, గంధకం ఉన్న కొన గిల్లేసి, మెడలో దించాం. జిగురు వేయలేదు. గాజు అరలో ఉన్నాడు, తల అటూ ఇటూ తిరుగుతుంది.